స్క్రూడ్రైవర్ పడితే చదువు పాడవదు

తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల తర్వాత నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఒకటుంది. “సార్, వీడు ఇంట్లో ఏ వస్తువునూ ఉండనివ్వడు. రిమోట్ విప్పేస్తాడు, గోడ గడియారం విప్పేస్తాడు. కొత్త బొమ్మ కారు రెండో రోజుకే ముక్కలు. మీరైనా కాస్త చెప్పండి” అంటారు. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి నా మాట వింటాడని మీ నమ్మకం. నేను చెప్పాలనుకున్నది మాత్రం పిల్లలకు కాదు, మీకు. ఆ విప్పడాన్ని ఆపకండి. దానికి ఇంట్లో ఒక చోటు, ఒక వేళ, కొన్ని నియమాలు ఇవ్వండి. అంతకంటే ఎక్కువేమీ చేయనక్కర్లేదు.

ఈ మాట అనగానే మీకు వచ్చే సందేహాలు నాకు తెలుసు. చదువు వెనకబడుతుంది, షాక్ కొడుతుంది, వస్తువులు పాడవుతాయి. ఇవన్నీ సరైన సందేహాలే. ఒక్కొక్కదానికీ కింద జవాబు రాశాను. వాటికంటే ముందు, ఎవరూ పైకి అనని ఇంకో భయం గురించి మాట్లాడుకోవాలి.

మెకానిక్ అవుతాడేమో అన్న భయం

ఫలక్‌నుమా, జంగంమెట్, శంషీర్‌గంజ్, చాంద్రాయణగుట్ట వైపు నుంచి మన బ్రాంచికి వచ్చే పిల్లల ఇళ్లు నాకు కొంత తెలుసు. మీలో ఏసీ మెకానిక్‌లు ఉన్నారు, ఆటో ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, వెల్డింగ్ షాపు వాళ్లున్నారు, కుట్టు మెషిన్ల మీద ఇల్లు నడిపే తల్లులున్నారు. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కప్పు మీద నిలబడి ఔట్‌డోర్ యూనిట్ బిగించిన చేయి, తన కొడుకు చేతిలో పానా చూడటానికి ఇష్టపడదు. “నేను పట్టింది చాలు, వాడు పెన్ను పట్టుకోవాలి” అనే ఈ ఫీజు కడుతున్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. దానిలో ఎంత కష్టం ఉందో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

కానీ ఇక్కడ రెండు వేరువేరు విషయాలు కలిసిపోతున్నాయి. బతుకుతెరువు కోసం తప్పనిసరిగా పానా పట్టడం ఒకటి. ఇది ఎలా పనిచేస్తుందో చూద్దామని సరదాగా పానా పట్టడం ఇంకొకటి. మొదటిది మీ పిల్లలకు వద్దని మీరు అనుకోవచ్చు. రెండోది వద్దంటే మాత్రం ఇంజినీరుకు కావాల్సిన మొదటి గుణాన్నే వద్దన్నట్టు. మనం “ఇంజినీరింగ్ చదవాలి” అని ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ క్లాసులో కూర్చోబెడుతున్నాం. అదే సమయంలో ఇంజిన్‌ను ముట్టుకోవద్దంటున్నాం.

ఇంకొక నష్టం కూడా ఉంది. చేతిపనిని మనం ఇంట్లో తక్కువ చేసి మాట్లాడితే, పిల్లలు పనితో పాటు ఆ పని చేసేవాళ్లనూ తక్కువగా చూడటం నేర్చుకుంటారు. ఆ పని చేసేది చాలాసార్లు సొంత నాన్నే. కంప్రెసర్ శబ్దం విని రోగం చెప్పగలిగే తండ్రి దగ్గర ఎంత ఫిజిక్స్ ఉందో పిల్లవాడికి తెలియకుండానే టెన్త్ అయిపోతుంది. గ్యాసును అదిమితే ఎందుకు వేడెక్కుతుంది, వదిలితే ఎందుకు చల్లబడుతుంది అని నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్తాను. అదే విషయాన్ని ఇంట్లో గేజ్ పెట్టి చూపించగలిగినవాళ్లు మీలోనే ఉన్నారు. ఒక్క ఆదివారం ఒక్క గంట చూపిస్తే, పిల్లవాడికి పాఠం అర్థమవుతుంది, నాన్న కూడా అర్థమవుతాడు.

మన బస్తీకి యంత్రం కొత్త కాదు

మన కొండ మీది ప్యాలెస్‌ను చూడటానికి దేశదేశాల నుంచి వస్తారు. 1884లో సర్ వికార్ ఉల్ ఉమ్రా మొదలుపెట్టిన ఆ కట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. దాని కిందుగా ఉన్న బస్తీని రోజూ ఇంజిన్ బౌలి అని పిలుస్తున్నాం. పేరులోనే ఇంజిన్, బావి రెండూ ఉన్నాయి. స్కూలు బస్సులో రోజూ ఆ పేరు వింటున్న పిల్లల్ని “బావి దగ్గర ఇంజిన్ ఎందుకు?” అని ఒకసారి అడిగి చూడండి. గుట్ట మీదికి నీళ్లు ఎలా ఎక్కుతాయన్న దగ్గర మొదలై ఆ మాట పంపు దాకా, పీడనం దాకా వెళ్తుంది.

ఇంకొంచెం ముందుకు వెళ్తే చార్మినార్. దాని నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. చౌమహల్లా ప్యాలెస్‌లోని ఖిల్వత్ గడియారానికి ఈనాటికీ వారానికోసారి కీ ఇస్తారు. గడియారాల పని తెలిసిన ఒక కుటుంబం ఆ బాధ్యత చూస్తుంది. బ్యాటరీ లేదు, యాప్ లేదు. పళ్ల చక్రాలు, వాటిని చూసుకునే చేతులు, అంతే. పిల్లల్ని చౌమహల్లాకు తీసుకెళ్తే కార్ల దగ్గర ఫొటోలతో సరిపెట్టకుండా, ఆ గడియారం కింద ఐదు నిమిషాలు నిలబెట్టండి.

మనకు తెలిసినవాళ్లే

చింతకింది మల్లేశం గారి పేరు వినే ఉంటారు. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. చదువు ఆరో తరగతితో ఆగింది. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయడం అనే పని ఉంటుంది. కొయ్యల చుట్టూ దారాన్ని వేల సార్లు చేత్తో తిప్పాలి. తల్లి లక్ష్మి గారు రోజంతా అలా చేయి తిప్పి తిప్పి భుజం నొప్పితో బాధపడటం ఆయన చూశారు. ఆ పని చేసే యంత్రం ఒకటి కట్టాలని 1992లో పూనుకున్నారు. డబ్బు అయిపోయింది. ఊళ్లో నవ్వారు. హైదరాబాద్ వచ్చి కరెంటు పని చేసుకుంటూనే దాని గురించి ఆలోచించారు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. ఒక్కో చీరకు గంటల తరబడి పట్టే పని దాంతో గంటన్నరలో అవుతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. పిల్లలతో కలిసి చూడదగిన సినిమా.

ఆయన కంటే చాలా ముందు, కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్లో 1893లో పుట్టిన తెలుగింటి బిడ్డ జి.డి. నాయుడు. బడి అంటే గిట్టేది కాదు. ఒక దొర మోటారు సైకిల్ మీద వెళ్లడం చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో సర్వరుగా చేరి డబ్బు కూడబెట్టి ఆ బండి కొన్నారు. కొన్నాక ముందు చేసిన పని, దాన్ని పూర్తిగా విప్పి మళ్లీ బిగించడం! 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. 1937లో డి. బాలసుందరంతో కలిసి మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారును తెచ్చారు. కోయంబత్తూరు వెళ్తే ఆయన పేరిట ఉన్న మ్యూజియం చూడవచ్చు.

మూడో పేరు భారతీ ప్రసాద్ గారిది. హామ్ రేడియో ఆమె అభిరుచి. ఇంట్లో ఒక రేడియో సెట్టు, పైన ఒక ఏరియల్ పెట్టుకుని, లైసెన్సు తీసుకుని, దూరదేశాల వాళ్లతో మాట్లాడటమే ఆ సరదా. మన హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో ఆమె బృందం ఆ సరదా కోసమే పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. 26వ తేదీన సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అండమాన్‌లో ఎవరు బతికున్నారో, ఎవరికి ఏం కావాలో బయటికి చెప్పడానికి ఆ హాబీ రేడియోలే పనికొచ్చాయి. సరదాకు నేర్చుకున్న విద్య ఎప్పుడు ఎవరి ప్రాణానికి అడ్డుపడుతుందో ఎవరు చెప్పగలరు?

ఈ ముగ్గురినీ చెప్పింది మీ పిల్లలకు పద్మశ్రీ వస్తుందని కాదు. వందలో తొంభై తొమ్మిది మంది ఇంట్లో విప్పిన రేడియో గురించి పేపర్లో ఎవరూ రాయరు. రాయనక్కర్లేదు కూడా. ముగ్గురిలోనూ ఒక పోలిక చూడండి. ముందు వస్తువు మీద ఇష్టం, తర్వాత ఓపిక, చివరికి ఎవరికో ఉపయోగం. ఈ వరుసలో మొదటి మెట్టు ఇంట్లోనే ఉంటుంది. అది మన చేతిలో ఉంది.

అలాంటి ఇల్లు ఎలా ఉంటుంది?

నాకూ ఈ పిచ్చి ఉంది కాబట్టి నా ఇంటి సంగతే చెప్తాను. పాత కుట్టు మెషిన్ స్టాండు మీద ఒక చెక్క పలక వేసి బల్ల చేసుకున్నాను. దాని మీద ఒక టేబుల్ ల్యాంపు, ఒక మల్టీమీటర్, సన్న మొన సోల్డరింగ్ ఐరన్. కింద నాలుగు స్వీటు డబ్బాలు. ఒకదానిలో స్క్రూలు, ఒకదానిలో వైరు ముక్కలు, ఒకదానిలో పాత ఛార్జర్లు. నాలుగో దానిలో ఏముందో నాకే తెలియదని మా ఇంటావిడ అంటుంది. ఆమె పెట్టిన నియమాలు మూడు. బల్ల దాటి ఒక్క స్క్రూ కూడా నేల మీదికి రాకూడదు. వంటింటి వస్తువు విప్పితే రాత్రి వంట లోపు బిగించాలి. పనికొస్తుందని దాచింది ఏడాదిలో పనికిరాకపోతే కబాడీకి పోవాలి. ఈ మూడు నియమాల వల్లే మా ఇల్లు ఇల్లులా ఉంది. మీ ఇంట్లో కూడా ఇవే పెట్టండి.

ఆ బల్ల మీద తయారైన వాటిలో మా వాడలో పేరు తెచ్చుకున్నది ఒక్కటే, నల్లా బజర్. పాతబస్తీలో నల్లా నీళ్లు ఏ వేళప్పుడు వస్తాయో మీకు కొత్తగా చెప్పాలా? తెల్లవారుజామున నాలుగింటికి లేచి నల్లా దగ్గర బకెట్ పెట్టి కూర్చునే తల్లులు ఎంతమందో. ఈ బజర్‌కు కావాల్సినవి ఒక 9 వోల్టుల బ్యాటరీ, ఒక చిన్న బజర్, ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, రెండు తీగలు. తీగల కొసలను నల్లా కింద ఖాళీ గిన్నెలో దగ్గరదగ్గరగా ఉంచాలి. నీళ్లు పడగానే ఒక తీగ నుంచి రెండో తీగకు కొద్దిపాటి కరెంటు పారుతుంది. బజర్‌ను మోగించడానికి అది చాలదు. కానీ ట్రాన్సిస్టర్‌ను తెరవడానికి చాలు. ట్రాన్సిస్టర్ తెరుచుకుంటే బ్యాటరీ కరెంటు బజర్‌కు వెళ్తుంది, గంట మోగుతుంది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించడం, ఫోన్ నుంచి కంప్యూటర్ దాకా అన్నిటిలోనూ జరిగేది ఇదే.

ఎనిమిదో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నంలో దీన్ని కట్టగలరు. అలా కట్టిన పిల్లకు ట్రాన్సిస్టర్ గురించి ఇక బట్టీ పట్టే పని ఉండదు. అంతకంటే ముఖ్యం, ఆ ఇంట్లో అమ్మ ఇంకో గంట నిద్రపోతుంది. “నా బిడ్డ చేసింది” అని పక్కింటివాళ్లకు చూపిస్తుంది. ఏ ర్యాంకు కార్డు ముందూ ఆ తృప్తి చిన్నది కాదు.

ఒక ఫ్యాన్‌లో ఎంత పాఠం ఉంది?

ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందనుకోండి. మామూలుగా ఏం చేస్తాం? ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తాం. ఆయన వచ్చి చిన్న డబ్బాలాంటిది మార్చి వెళ్తాడు. ఈసారి ఆయన వచ్చినప్పుడు పిల్లల్ని గదిలోంచి పంపకండి. పక్కన నిలబడి చూడమనండి. “అంకుల్, అదేంటి?” అని అడగనివ్వండి. అది కెపాసిటర్. మామూలు ఫ్యాన్లలో చాలావాటికి దాని మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంటుంది. అది బలహీనపడితే ఫ్యాన్ నెమ్మదిస్తుంది, లేదా చేత్తో తోస్తే గానీ తిరగదు. తీసేసిన పాతదాన్ని, ఆయన డిశ్చార్జి చేసి ఇచ్చాక, బడికి తెమ్మనండి. నేను క్లాసులో చూపిస్తాను.

ఇక లెక్క. పాత రకం సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే 0.9 యూనిట్, నెలకు 27 యూనిట్లు. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ దాదాపు 30 వాట్లతోనే నడుస్తుంది. అదే వాడకానికి నెలకు 10.8 యూనిట్లు. అంటే ఒక్క ఫ్యాన్ మీద నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఇంట్లో మూడు ఫ్యాన్లుంటే? కొత్త ఫ్యాన్ ధర ఎన్ని నెలల్లో తిరిగి వస్తుంది? ఈ లెక్క మీ కరెంటు బిల్లు ముందు పెట్టి పిల్లలతోనే వేయించండి. పుస్తకంలో ఇచ్చిన లెక్క తప్పితే మార్కు పోతుంది. ఇది తప్పితే మీ డబ్బు పోతుందని వాళ్లకు తెలుసు కాబట్టి జాగ్రత్తగా వేస్తారు.

ఇలాంటివే ఇంకొన్ని. మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే కొత్తది కొనే ముందు ప్లగ్గు తీసి, జార్ పక్కన పెట్టి, కింద ఉన్న చిన్న ఎర్ర బటన్ వెతకమనండి. ఎక్కువ బరువు పడితే మోటారు కాలిపోకుండా కాపాడేది అదే. టీవీ రిమోట్ పనిచేయకపోతే దాన్ని ఫోన్ ముందు కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కమనండి. కంటికి కనిపించని వెలుగు చాలా ఫోన్ల కెమెరాల్లో మినుకుమినుకుమంటుంది. మినుకుమంటే రిమోట్ బాగుంది, తేడా టీవీలో ఉంది. లేదంటే సెల్లులు మార్చి చూడాలి. ఇదే పద్ధతి డాక్టరుకూ, ఇంజినీరుకూ, ప్రోగ్రామరుకూ కావాలి. ఎక్కడ బాగుందో తేల్చుకుంటూ పోతే, ఎక్కడ పాడైందో దానంతటదే దొరుకుతుంది.

షాక్ సంగతి

ఇది తేలికగా తీసుకునే విషయం కాదు. మన ఇళ్లలోకి వచ్చేది 230 వోల్టులు. ప్రాణం తీయడానికి అది చాలు. కాబట్టి నియమాలు గట్టిగా ఉండాలి, ఇంట్లో అందరికీ ఒకేలా ఉండాలి.

1. గోడకు ప్లగ్గు పెట్టే ఏ వస్తువునైనా పిల్లలు ఒంటరిగా విప్పకూడదు. పెద్దవాళ్లు పక్కన ఉండాలి, ప్లగ్గు తీసి కంటికి కనిపించేలా బల్ల మీద ఉండాలి. స్విచ్చు ఆపితే సరిపోదు.

2. సెల్లులతో నడిచే వస్తువులు, అంటే గోడ గడియారం, రిమోట్, టార్చి, బొమ్మ కారు, పిల్లలవి. వాటిని స్వేచ్ఛగా విప్పుకోనివ్వండి.

3. మైక్రోవేవ్ ఓవెన్, పాత డబ్బా టీవీ, ఇన్వర్టర్ ఎవరూ ముట్టుకోకూడదు. ప్లగ్గు తీసినా లోపల ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. అది పని తెలిసిన మిస్త్రీల పని.

4. ఫోన్ బ్యాటరీని గుచ్చకూడదు, వంచకూడదు. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచుకోకూడదు. మంట అంటుకుంటుంది.

5. కాళ్లకు చెప్పులు, పొడి చేతులు, పొడి నేల. సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి.

మరొక మాట. మీ ఇంటి మెయిన్ బోర్డులో లీకేజీ కరెంటును పట్టుకుని సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. పిల్లలు వస్తువులు విప్పినా విప్పకపోయినా అది ఉండాల్సిందే.

నిజానికి దొంగచాటుగా విప్పేవాళ్లకే ప్రమాదం ఎక్కువ. వద్దన్న ఇంట్లో పిల్లవాడు మంచం కింద విప్పుతాడు. సరేనన్న ఇంట్లో మీ కళ్ల ముందు విప్పుతాడు. ఏది నయమో మీరే చెప్పండి.

ఖర్చు, చోటు, వయసు

మనలో చాలామందివి రెండు గదుల ఇళ్లు. పిల్లవాడికి ప్రత్యేకంగా గది అక్కర్లేదు. ఒక సొరుగో, ఒక డబ్బానో చాలు. స్క్రూడ్రైవర్ సెట్టు, చిన్న కటింగ్ ప్లయర్, మామూలు మల్టీమీటర్, ఈ మూడూ కలిపినా ఒక బర్త్‌డే కేకు ఖర్చుకు అటూఇటూగా వస్తాయి. విడి భాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది. ట్రాన్సిస్టర్లు, ఎల్ఈడీలు, మోటార్లు విడివిడిగా దొరుకుతాయి. ఫలక్‌నుమా నుంచి అదేమంత దూరం కాదు. ఒకసారి పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ఏం కావాలో కాగితం మీద రాసుకుని, కౌంటర్ దగ్గర “భాయ్, యే దేదో” అని వాళ్లనే అడగనివ్వండి. బేరమాడటం, చిల్లర లెక్క చూసుకోవడం అదనపు పాఠాలు. పాత వస్తువులు కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది.

మూడు, నాలుగు తరగతుల వాళ్లకు సెల్లు, బల్బు, చిన్న మోటారు ఇచ్చి ఊరుకోండి. ఆరు నుంచి ఎనిమిది వాళ్లు మల్టీమీటర్ వాడగలరు, నల్లా బజర్ కట్టగలరు. ఆ పైవాళ్లకు సోల్డరింగ్, తర్వాత ఆర్డుయినో లాంటి చిన్న బోర్డులు. 12 ఏళ్లు నిండినవాళ్లు హామ్ రేడియో పరీక్ష రాయవచ్చు. ఇంకా ఆసక్తి ఉంటే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ కేంద్రంలో వస్తువుల నమూనాలు ఎలా తయారవుతాయో చూడవచ్చు. నీతి ఆయోగ్ దేశమంతటా ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టిస్తోంది. విప్పి చూడటం, మళ్లీ బిగించడం కూడా చదువేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

మార్కులు, ఫోను, ఆడపిల్లలు

దీనివల్ల మార్కులు పెరుగుతాయా అని అడుగుతారు. పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. వారానికి రెండు గంటలతో తగ్గవు అని మాత్రం చెప్పగలను. ఆ రెండు గంటలు చదువులోంచి తీయకండి, ఫోనులోంచి తీయండి. ఫోను లాక్కుంటే పిల్లవాడు అలుగుతాడు. చేతిలో ఇంకొకటి పెట్టి తీసుకుంటే అలగడు. రెండూ తెరల ముందు, బ్యాటరీల చుట్టూ తిరిగేవే కదా అనకండి. ఫోనులో వేలు జరుపుతూ పోతే చాలు, ఎప్పుడూ కొత్తది వస్తుంది. బల్ల మీద స్క్రూ రాకపోతే రాదు. అది వచ్చేదాకా కూర్చోవాలి. ఈ కూర్చోవడమే రేపు జేఈఈ లెక్క ముందూ పనికొస్తుంది.

దయచేసి దీన్ని ఇంకో క్లాసుగా మార్చకండి. నెలకింత అని ఫీజు కట్టి, సర్టిఫికెట్ ఇప్పించి, పోటీలకు పంపి, పక్కింటి పిల్లవాడితో పోల్చి దీని ఊపిరి తీయకండి. బిగించాక రెండు స్క్రూలు మిగిలినా తిట్టకండి. “ఇవి ఎక్కడివో?” అని అడగండి, చాలు. పాడైన వస్తువు బాగుపడకపోతే నష్టమేమీ లేదు, అది ముందే పాడైంది.

ఇంకొక విషయం స్పష్టంగా చెప్పాలి. ఈ ఫిర్యాదు నాకు ఎప్పుడూ అబ్బాయిల మీదే వస్తుంది. అమ్మాయిలకు ఆసక్తి లేక కాదు. విప్పబోయేసరికే “నీకెందుకమ్మా” అని చేతిలోంచి తీసేసుకుంటాం. సునామీ నాడు పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో ముందు కూర్చున్నది ఒక స్త్రీ. రోజూ కుట్టు మెషిన్ బెల్టు మార్చి, బాబిన్ సరిచేసి, నూనె వేసే తల్లులు ఎంత మంచి మెకానిక్‌లో వాళ్ల కూతుళ్లకు చెప్పండి. ఇంట్లో స్క్రూడ్రైవర్ సెట్టు ఒక్కటే ఉంటే, అది అన్నకు చెందింది కాదు, ఇంటికి చెందింది.

మన బ్రాంచిలో ఏం చేయవచ్చు?

2009లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో మార్టినె పోస్ట్‌మా అనే ఆవిడ రిపేర్ కేఫ్ అనే పని మొదలుపెట్టారు. చుట్టుపక్కల వాళ్లు పాడైన వస్తువులు తెస్తారు, పని తెలిసినవాళ్లు పక్కన కూర్చుని కలిసి బాగుచేస్తారు. డబ్బు తీసుకోరు. ఇప్పుడది చాలా దేశాలకు పాకింది. వాళ్లు పని తెలిసినవాళ్ల కోసం వెతుక్కోవాలి. మనకు ఆ అవసరం లేదు. మన పిల్లల నాన్నలు, అమ్మలు, చాచాలు, మామలే ఉన్నారు.

అందుకే నా ప్రతిపాదన ఇది. నెలకొక శనివారం మధ్యాహ్నం, ఫిజిక్స్ ల్యాబులో రెండు గంటలు. ఇంట్లో పాడైన చిన్న వస్తువు ఒకటి పిల్లలు తెస్తారు. పని తెలిసిన తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చుంటారు. నేనుంటాను. ఆ రోజు ల్యాబులో ఏసీ మెకానిక్ గారిని పిల్లలు “సార్” అనే పిలుస్తారు, నన్ను పిలిచినట్టే. మనం పిల్లలకు ఇవ్వగలిగిన పాఠాల్లో ఇది చిన్నదేమీ కాదు.

రావడానికి మీకు వీలైతే, మీ పని ఏమిటో, ఏ శనివారం కుదురుతుందో పిల్లల డైరీలో రెండు లైన్లు రాసి పంపండి. తెలుగైనా, ఉర్దూ అయినా, ఇంగ్లీషైనా సరే. ఐదుగురు పేర్లు వస్తే ప్రిన్సిపాల్ గారి అనుమతి అడిగే బాధ్యత నాది. ఈలోగా మీ ఇంట్లో కబాడీకి వేద్దామని పక్కన పెట్టిన వస్తువు ఏదైనా ఉంటే ఒక్క వారం ఆగండి. ప్లగ్గు వైరు తీయించి, ఒక స్క్రూడ్రైవర్‌తో పాటు పిల్లల ముందు పెట్టండి.

— ఫిజిక్స్ ఉపాధ్యాయుడు, ఫలక్‌నుమా బ్రాంచి